సబ్‌ఊఫర్ పెట్టించెయ్యండి సార్!

"బేస్ రావట్లేదాండి? సబ్‌ఊఫర్ పెట్టించెయ్యండి సార్, అదిరిపోద్ది!"

కారులో పాట బాగా వినపడటం లేదని ఎవరైనా నోరు విప్పితే చాలు, షాపువాడి దగ్గర్నుంచి బావమరిది దాకా అందరూ చెప్పేది ఈ ఒక్క ముక్కే. ఈ ముక్క వింటే నాకు ఒళ్ళు మండుతుంది. సబ్‌ఊఫర్ మీద నాకు కోపం లేదు. అసలు ఏం పోయిందో చూడకుండా కొత్తది తగిలించెయ్యడమే బాగుచెయ్యడం అనుకునే బుద్ధి మీద కోపం. ఆ బుద్ధి షాపువాడికే ఉందనుకునేవాణ్ణి. కాదని ఈ సంక్రాంతికి తెలిసొచ్చింది. అంచేత ఇందులో తిట్లు సగం షాపువాడికి, సగం నాకు, మిగిలింది ఉంటే మీకూను :)

మాది పాలకొల్లు. దాసరి నారాయణరావు, అల్లు రామలింగయ్య, కోడి రామకృష్ణ పుట్టిన ఊరు. సినిమా పాటని ఎవరూ తేలిగ్గా తీసుకోని ఊరన్నమాట. మా నాన్నగారిది కొబ్బరికాయల వ్యాపారం. వారానికి రెండుసార్లు తెల్లారగట్లే బయల్దేరి చించినాడ వంతెన దాటి, రాజోలు మీదుగా అంబాజీపేట వెళ్ళొస్తారు. పాత చిన్న కారు. ముందు తలుపుల్లో రెండే రెండు స్పీకర్లు, వెనక ఏమీ లేవు. ఆ కారులో ఆయనకున్న ఒకే ఒక్క విలాసం పాటలు. పొద్దున్నే ఘంటసాల, వచ్చేటప్పుడు ఇళయరాజా. ఇరవై ఏళ్ళుగా అదే వరస.

పోయిన శ్రావణంలో పాత స్టీరియో మొరాయిస్తోందని కొత్త డెక్కు పెట్టించారు. టచ్ స్క్రీన్, బ్లూటూత్, వెనక కెమెరా, అన్నీ కలిపి తొమ్మిదిన్నర వేలు. నేనే ఆన్‌లైన్‌లో వెతికి "ఇది తీసుకోండి నాన్నా" అని చెప్పాను. వారం తిరక్కుండా ఫోను.

"ఒరేయ్, పాటలో కింద దెబ్బ లేదురా. తబలా తలుపు బయటెక్కడో కొడుతున్నట్టుంది."

షాపుకి తీసికెళ్ళారు. షాపు అబ్బాయి ఒక పాట పెట్టి, సౌండు పెంచి, "స్పీకర్లు పాతవైపోయాయండి, కొత్త డెక్కు పవరు తట్టుకోలేకపోతున్నాయి, మార్చెయ్యడమేనండి" అన్నాడు. మార్చారు. మూడువేల రెండొందలు. కింద దెబ్బ రాలేదు. మళ్ళీ వెళితే మన మహామంత్రం: ఆంప్లిఫైయరు, డిక్కీలో సబ్‌ఊఫరు, వైరింగుతో కలిపి పదహారు వేలు. నాన్నగారు "చూద్దాంలే" అని వచ్చేశారు.

ఇప్పుడు నా ఘనకార్యం వినండి. భీమవరంలో ఈసీఈ చదివినవాణ్ణి, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, హైదరాబాదులో రోజూ పదిమంది రాసిన కోడులో తప్పులు పట్టేవాణ్ణి. నేను ఫోన్లో ఏం చెప్పానంటే:

మొదటిసారి: "మీ పెన్‌డ్రైవ్‌లో పాటలు క్వాలిటీ లేనివి నాన్నా. ఎంపీత్రీలో బేస్ పోతుంది."

రెండోసారి: "మీకు అరవై మూడొచ్చాయి. ఒకసారి చెవులు చూపించుకోండి."

ఈ రెండూ తప్పు. మామూలు తప్పు కూడా కాదు, తలకిందుల తప్పు. ఎంపీత్రీని పిండినకొద్దీ ముందు పోయేది పై స్వరాలు. 128 కేబీపీఎస్ ఫైళ్ళలో చాలావాటికి 16 కిలోహెర్ట్జ్ పైన ఏమీ మిగలదు. తాళాల గలగల, సింబల్ మెరుపు పోతాయి. బేస్‌కి పట్టే బిట్లు బహు తక్కువ, దాన్ని ఎవరూ కొయ్యరు. ఇక వయసుతో వచ్చే చెవుడు కూడా అంతే, ముందు పై స్వరాలే పోతాయి. పెద్దవాళ్ళకి కీచురాయి చప్పుడు ముందు వినపడకుండా పోతుంది, డప్పు చప్పుడు కాదు. అంటే "కింద దెబ్బ లేదు" అన్న మనిషికి నేను చెప్పిన కారణాలు రెండూ పై స్వరాలు పోవడానికి చెప్పాల్సినవి! చదివిన చదువు ఒక్క నిమిషం గుర్తు తెచ్చుకున్నా ఈ మాటలు నోట్లోంచి వచ్చేవి కావు. కానీ ఆ నిమిషం ఎవడికుంది? కాల్ పెట్టెయ్యాలి, స్టాండప్ మీటింగ్ ఉంది.

అన్నిటికన్నా ఘోరమైనది ఇంకోటుంది. ఆయన ఒకరోజు ఇలా అన్నారు: "ఒరేయ్, సౌండంతా ఒక పక్కకి తోసేస్తే కింద దెబ్బ వస్తోందిరా. ఎడం పక్కకి తోసినా వస్తోంది, కుడి పక్కకి తోసినా వస్తోంది. మధ్యలో పెడితే పోతోంది."

నేను నవ్వాను. "ఒక స్పీకర్లో వచ్చింది రెండు స్పీకర్లలో ఎలా పోతుంది నాన్నా? రెండూ పెడితే ఎక్కువ రావాలి గానీ. అదంతా మీ భ్రమ" అన్నాను.

ఆ తర్వాత ఆయన ఈ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తలేదంటే సర్దుకుందేమో అనుకున్నాను. మనం టికెట్లు మూసేది కూడా ఇలాగే కదా, "యూజర్ నుంచి రెండు వారాలుగా జవాబు లేదు, క్లోజ్డ్."

సంక్రాంతికి ఊరెళ్ళాను. కనుమ మర్నాడు ఇద్దరం కలిసి అంబాజీపేట బయల్దేరాం. చించినాడ వంతెన ఎక్కాం, కింద వశిష్ఠ గోదావరి, ఎదర దిండి కొబ్బరితోటలు. కారులో పాట లేదు. "పాటలు పెట్టలేదేంటి?" అన్నాను. "ఎందుకులే, చెవులు సరిగా పనిచెయ్యట్లేదు కదా" అన్నారు, మామూలుగానే, మోకాళ్ళ నొప్పి గురించి చెప్పినట్టు. అప్పటికే చెవుల డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చారట. పరీక్ష చేసి వయసుకి తగ్గట్టు బానే ఉన్నాయన్నారట. అయినా కొడుకు ఇంజనీరు కదా, వాడు చెప్పాడంటే ఏదో ఉండే ఉంటుందని అనుకున్నారు. అయిదు నెలలుగా ఆ మనిషి కారులో పాట వినడం మానేశారు.

నేనేం మాట్లాడలేదు. డెక్కు ఆన్ చేసి బాలెన్స్ ఎడమకి తోశాను. బేస్ గిటారు వచ్చింది. కుడికి తోశాను. వచ్చింది. మధ్యలో పెట్టాను. మాయం! ఆయన ఫోన్లో చెప్పింది అక్షరం పొల్లు పోలేదు.

ఒక స్పీకరుకి ప్లస్సూ మైనస్సూ తిరగబడ్డాయి. అంతే.

ఎలాగో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది తెలియకే జనం పదహారు వేలు తగలేస్తున్నారు. స్పీకర్ అట్ట ముందుకొస్తే గాలిని నెడుతుంది, వెనక్కెళితే లాగుతుంది. రెండు స్పీకర్లూ ఒకేసారి ముందుకి, ఒకేసారి వెనక్కి కదలాలి. ఒకదాని వైర్లు తిరగబడితే ఒకటి నెడుతుంటే ఇంకోటి లాగుతుంది. ఊయల ఊపుతూ ఇద్దరు ఎదురెదురుగా తోసుకుంటే ఏమవుతుంది? ఊయల అక్కడే నిలబడుతుంది.

మరి పాటంతా పోకుండా బేసే ఎందుకు పోయింది? అక్కడే ఉంది కిటుకు. మన వేడిలో శబ్దం సెకనుకి సుమారు 345 మీటర్లు పోతుంది. 50 హెర్ట్జ్ బేస్ తరంగం పొడవు 7 మీటర్లకి కాస్త తక్కువ, అంటే దాదాపు రెండు చిన్న కార్ల పొడవు. డ్రైవరు సీట్లో కూర్చున్నవాడికి కుడి స్పీకరు దగ్గర, ఎడమది దూరం. ఆ రెండు దూరాలకీ తేడా అర మీటరు అనుకోండి. 7 మీటర్ల తరంగానికి అర మీటరు ఒక లెక్కా? రెండు తరంగాలూ దాదాపు ఎదురెదురుగానే చెవికి చేరి కొట్టుకుపోతాయి. అదే 1000 హెర్ట్జ్ తరంగం పొడవు 34 సెంటీమీటర్లే. ఆ అర మీటరు తేడాలో, అద్దాల మీద పడి తిరిగొచ్చే చప్పుళ్ళలో అది కొన్నిచోట్ల తగ్గుతుంది, కొన్నిచోట్ల పెరుగుతుంది, మొత్తం మీద గొంతు వినపడుతూనే ఉంటుంది. కాకపోతే పాడేవాడు ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టుండదు, ఎటునుంచో వస్తున్నట్టుంటుంది. "తబలా తలుపు బయటెక్కడో కొడుతున్నట్టుంది" అని ఆయన మొదటిరోజే అన్నారు, గుర్తుందా?

పైగా బేస్ గిటారునీ డోలు దెబ్బనీ పాట కలిపేటప్పుడు దాదాపు ఎప్పుడూ రెండు ఛానెళ్ళలోనూ సమానంగా ఉంచుతారు. సమానంగా ఉన్నదే ఎదురెదురై పూర్తిగా పోతుంది. ఘంటసాల రోజుల పాటలైతే ఉన్నదే ఒక్క ఛానెలు, రెండు స్పీకర్లకీ అదే వెళుతుంది. ఆయన పొద్దుటి పాటలు ఇంకా ఎక్కువ పాడయ్యాయంటే ఇందుకే.

ఇంటికొచ్చి డెక్కు బయటికి లాగాను. కొత్త డెక్కులకి దాదాపు అన్నిటికీ ఒకటే రంగుల వరస: తెలుపు ముందు ఎడమ, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. ప్రతి జతలో నల్లగీత ఉన్నది మైనస్. కానీ కారు వైర్ల రంగులు ఏ కంపెనీవి ఆ కంపెనీవే. మధ్యలో పెట్టే కప్లరు కొన్ని వందల్లో దొరుకుతుంది. షాపులో అది పెట్టకుండా కారు సాకెట్టు కోసేసి, రంగులు ఊహించి, మెలితిప్పి, టేపు చుట్టారు.

నాన్నగారిని తలుపు దగ్గర కూర్చోబెట్టి, స్పీకరు మీది జాలీ తీసి, గోడ గడియారంలోంచి పెన్సిల్ సెల్లు పీకాను. డెక్కు నుంచి వైర్లు విడదీసి, ప్లస్ వైరుకి సెల్లు ప్లస్సు, మైనస్ వైరుకి మైనస్సు, ఒక్క క్షణం తగిలించాను. సరిగ్గా ఉంటే అట్ట ముందుకు రావాలి.

"ముందుకొచ్చిందిరా" అన్నారు. అది కుడి తలుపు.

ఎడమ తలుపు దగ్గరికెళ్ళాం. తగిలించాను.

"లోపలికెళ్ళింది."

టేపు విప్పి, రెండు వైర్లూ అటుదిటు ఇటుదటు మార్చి, మళ్ళీ చుట్టాను. పది నిమిషాలు. ఖర్చు సున్నా, సెల్లు కూడా తిరిగి గడియారంలోనే పెట్టేశాను. తర్వాత ఇళయరాజా పాట ఒకటి పెట్టాం. ఆయన సీట్లో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. పాట అయ్యాక "నేను చెప్పింది ఇదే కదరా" అన్నారు. అవును, ఆయన చెప్పింది ఇదే. ఎక్కడ వస్తుందో, ఎక్కడ పోతుందో, ఎలా చేస్తే మళ్ళీ కనిపిస్తుందో, అన్నీ వరసగా చెప్పారు. మా క్వాలిటీ టీములో ఇంత చక్కగా బగ్ రాసేవాళ్ళు నాకు తెలిసి ఇద్దరే ఉన్నారు.

ఇప్పుడు అసలు గొడవకొద్దాం.

షాపువాడు దొంగ అని నేననను. అలా అనుకుంటే మనకి హాయిగా ఉంటుంది గానీ నిజం కాదు. కారు లోపలికొచ్చినప్పుడు ఆ అబ్బాయి బాలెన్స్ తిప్పి, సెల్లు పెట్టి, తప్పు పట్టి, రెండు వైర్లు మార్చాడనుకోండి. మనం ఎంతిస్తాం? "రెండు వైర్లు మార్చినందుకు మూడొందలా?" అని గుడ్లురుముతాం. అదే మూడువేల స్పీకర్లు అమ్మితే నోరెత్తకుండా ఇస్తాం. పెట్టెలో వచ్చే వస్తువుకి డబ్బిస్తాం, బుర్రలోంచి వచ్చేదానికి ఇవ్వం. అలాంటప్పుడు వాడు బుర్ర ఎందుకు పెడతాడు, పెట్టె అమ్ముతాడు గానీ? మార్చడంలోనే జీతం ఉన్నప్పుడు ప్రతి జబ్బుకీ మందు మార్చడమే అవుతుంది. అంచేత షాపువాడి చేత ఆ పని చేయించేది మన పిసినారితనమే.

మరి అంత సుద్దులు చెప్పే మనం ఆఫీసులో ఏం చేస్తున్నాం? పేజీ నెమ్మదిగా వస్తోందంటే ఇంకో సర్వరు. ఇంకా నెమ్మదిగా ఉంటే ఇంకా పెద్ద సర్వరు. ఒక టేబుల్‌కి ఇండెక్స్ లేదని ఎవరూ చూడరు. అదీ సబ్‌ఊఫరే! యాప్ ఆగిపోయిందంటే రీస్టార్ట్. మళ్ళీ ఆగితే రీఇన్‌స్టాల్. అవీ స్పీకర్లు మార్చడమే. "నా మెషీన్‌లో బానే వస్తోంది" అంటాం. అది మా నాన్నగారితో "మీ చెవులు చూపించుకోండి" అన్నదానికి ఆఫీసు భాష. ఏదైనా చెడినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: ఈ మధ్య ఏం మారింది? ఆ కారులో మారింది డెక్కు ఒక్కటే. పాత స్పీకర్లు అవే, పెన్‌డ్రైవ్ పాటలు అవే, చెవులు అవే. ఆ ఒక్క ప్రశ్న నేను అడగలేదు, షాపువాడు అడగలేదు. ఇద్దరం మారని వాటినే అనుమానించాం.

"ఇంతా చేసి సబ్‌ఊఫర్ పెట్టేస్తే బేస్ వచ్చేది కదా, గొడవ వదిలేది కదా" అనేవాళ్ళుంటారు. వచ్చేది. డిక్కీలోంచి గుభేలు గుభేలున వచ్చేది. ముందు తలుపుల్లో తప్పు అలాగే ఉండేది. సబ్‌ఊఫర్ చూసుకునే గీతకి పైన, గొంతుకి కింద, తబలా డగ్గా, మృదంగం ఎడమ వైపు ఉండే చోట గుంట పడే ఉండేది. తప్పు మీద దుప్పటి కప్పినట్టన్నమాట. ఇంకో అయిదేళ్ళ తర్వాత ఎవడో వచ్చి ఆ దుప్పటి మీద ఇంకో దుప్పటి కప్పుతాడు. మన పాత కోడు కథలే కదా ఇవి.

వాట్ల సంగతి కూడా చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. డెక్కు పెట్టె మీద "50 వాట్లు × 4" అని ఉంటుంది. ఇంజను నడుస్తుంటే కారు కరెంటు సుమారు 14.4 వోల్టులు. డెక్కులో ఉండే ఆంప్లిఫైయరు 4 ఓముల స్పీకరుకి ఆ వోల్టేజీతో స్వచ్ఛంగా ఇవ్వగలిగింది, ఒక్క చుక్క నష్టం లేకపోయినా, 26 వాట్లు. లెక్క కావాలంటే 14.4ని 1.414తో భాగించి, వర్గం చేసి, 4తో భాగించుకోండి. చేతికొచ్చేది ఇంకా తక్కువ. మిగతాదంతా పెట్టె మీది సిరా. చిన్నప్పుడు టేప్‌రికార్డర్ల మీద "1000 వాట్లు పీఎంపీఓ" అని ఉండేది, అదీ ఈ జాతే. కొనేటప్పుడు ఆర్‌ఎంఎస్ ఎంతో అడగండి, మిగతా అంకెలు చదవకండి. "కొత్త డెక్కు పవరు పాత స్పీకర్లు తట్టుకోలేవు" అన్న మాటలో ఎంత పసుందో కూడా దీన్నిబట్టే తేలుతుంది.

సరే, తిట్టడమేనా, చెయ్యాల్సింది చెప్పవా అంటారా? బేస్ పోతే ఈ వరసలో చూడండి. డబ్బు తీసేది అన్నిటికన్నా చివర.

ఒకటి, సెట్టింగులు. హై పాస్ ఫిల్టరు 100కో 120కో పెట్టి ఉంటే దాని కిందవన్నీ డెక్కే కోసేస్తోంది, తీసెయ్యండి. తక్కువ సౌండులో మాత్రమే బేస్ పల్చగా ఉంటే అది జబ్బు కాదు, మనిషి చెవి స్వభావం. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చెప్పారు. లౌడ్‌నెస్ బటన్ ఉన్నది అందుకే.

రెండు, బాలెన్స్. ఒక పక్కకి తోస్తే బేస్ పెరిగి, మధ్యలో పెడితే తగ్గితే వైర్లు తిరగబడ్డట్టే. నాలుగు స్పీకర్లుంటే ఫేడరుతో ముందు వాటినీ వెనక వాటినీ విడివిడిగా ఇలాగే చూడండి.

మూడు, పెన్సిల్ సెల్లు పరీక్ష. డెక్కు నుంచి వైర్లు విడదీశాకే, ఒక్క క్షణమే.

నాలుగు, తలుపు. స్పీకర్ వెనకవైపు గాలి ముందువైపు గాలితో కలిసిపోతే బేస్ అక్కడికక్కడే చస్తుంది. తలుపు అట్ట లోపల ప్లాస్టిక్ షీటు చిరిగినా, స్పీకరు చుట్టూ సందున్నా మూయించండి.

ఇవన్నీ అయ్యాక కూడా సరిపోకపోతే, అప్పుడు పెట్టించుకోండి మీ సబ్‌ఊఫరు. ఎవడొద్దన్నాడు?

షాపులో ఎవరైనా ఈ వరసలో చూసి తప్పు పట్టుకుంటే, ఏమీ కొనకపోయినా సరే, అడిగినంత ఇచ్చి రండి. నేను పండక్కి హైదరాబాదు తిరిగొచ్చేముందు ఆ షాపుకే వెళ్ళి ఆ అబ్బాయికి సెల్లు పరీక్ష చూపించాను. గొడవ పెట్టుకోడానికొచ్చాననుకుని ముందు బిగుసుకున్నాడు. చూశాక "ఇది మాకెవరూ చెప్పలేదండి" అన్నాడు. నిజమే అయ్యుంటుంది. నాకు నాలుగేళ్ళు చెప్పారు, నేనేం చేశాను?

నిన్న రాత్రి నాన్నగారికి ఫోన్ చేశాను. వెనక పాట వినపడుతోంది. "కారులో ఉన్నారా?" అన్నాను. "లేదురా, ఇంటి ముందే. కారు ఆపాను, పాట అవలేదు" అన్నారు.

మీ ఇంట్లో ఎవరైనా ఏదైనా సరిగా లేదని చెబుతుంటే, ఈసారి చివరిదాకా వినండి. నేను అయిదు నెలలు ఆలస్యంగా విన్నాను.